ఎంప్ టేబుల్: డేటాబేసులో వరుసల వడపోత

డేటాబేసులో సమాచారం టేబుళ్లుగా ఉంటుంది. టేబుల్‌లో అడ్డంగా వరుసలు, నిలువుగా కాలమ్‌లు. ఒక్కో వరుస ఒక ఉద్యోగిదో, ఒక కరెంటు బిల్లుదో, ఒక సర్వే నంబరుదో రికార్డు. లక్షల వరుసల్లోంచి కావలసినవాటినే బయటికి తీయడానికి క్వెరీలో, అంటే డేటాబేసును అడిగే ప్రశ్నలో, రాసే షరతును వేర్ క్లాజ్ అంటారు. ఆ షరతును కట్టేవి ఆపరేటర్లు. సమానం, ఎక్కువ, తక్కువ అనే పోలికలు. బిట్వీన్, ఇన్, లైక్, ఈజ్ నల్. వీటిని కలిపే అండ్, ఆర్, నాట్. సంఖ్యలో ఇవి కొన్నే. వీటి ప్రవర్తన పూర్తిగా తెలియాలంటే మాత్రం, ఏ వరుసలు వచ్చాయో చూసినంత శ్రద్ధగా ఏ వరుసలు రాలేదో కూడా చూడాలి. తప్పు వడపోత చాలాసార్లు ఏ ఎర్రర్ మెసేజీ చూపించదు. కొన్ని వరుసలు తగ్గిపోతాయి, అంతే.

హైదరాబాదులో ఎంతోమంది ఈ ఆపరేటర్లను ఒకే ఒక టేబుల్ మీద నేర్చుకున్నారు. దాని పేరు ఎంప్. 1998 నవంబరు 22న మాదాపూర్‌లోని హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత అక్కడ ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన యువత ముందుగా దిగిన చోటు అమీర్‌పేట. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్ డేటాబేసు కోర్సు మొదలైతే, బోర్డు మీద మొదట కనిపించేది ఎంప్ టేబులే. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది 2019 మార్చి 20న. ఎంప్ టేబుల్ చేతపట్టుకుని ఆ దారిలో వెళ్లినవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉన్నారు.

ఒరాకిల్ సంస్థ తన డేటాబేసుతో పాటు అభ్యాసం కోసం ఇచ్చిన టేబుల్ ఇది. దీన్ని చూడటానికి యూజర్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్ అని ఇచ్చేవారు. ఆ సంస్థ తొలినాళ్ల ఉద్యోగుల్లో ఒకరైన బ్రూస్ స్కాట్ పేరు, ఆయన ఇంటి పిల్లి పేరు అలా లోకమంతా పాకిపోయాయి. టేబుల్‌లో 14 వరుసలు, 8 కాలమ్‌లు: ఉద్యోగి నంబరు, పేరు, హోదా, పై అధికారి నంబరు, చేరిన తేదీ, జీతం, కమిషన్, విభాగం నంబరు. స్మిత్, అలెన్, వార్డ్, జోన్స్ మొదలుకొని ఫోర్డ్, మిల్లర్ వరకు 14 మంది. చిన్న టేబులే అయినా, దాన్ని తయారుచేసినవాళ్లు వడపోతలో దొర్లే పొరపాట్లకు కావలసిన సరుకంతా అందులో పెట్టారు. ఇంత మంచి పాఠ్య సామగ్రి కంప్యూటరు చదువులో అరుదు.

ఈ వడపోతకు సిద్ధాంతం ఇచ్చినవాడు ఎడ్గార్ కాడ్. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం పరిశోధకుడిగా ఉంటూ 1970లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారాన్ని టేబుళ్లుగా ఊహించాలని, అది డిస్కు మీద ఎక్కడ ఎలా ఉందో వాడేవాడికి తెలియాల్సిన అవసరం ఉండకూడదని అందులో ప్రతిపాదించాడు. దాని మీద 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఒక భాషను రూపొందించారు. మొదట దాని పేరు సీక్వెల్, తర్వాత ఎస్‌క్యూఎల్. 1979లో ఒరాకిల్ దాన్ని అంగట్లోకి తెచ్చింది. 1986లో అమెరికా ప్రమాణంగా, మరుసటి ఏడాది అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఈ భాషలో ఏం కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలో డేటాబేసు తేల్చుకుంటుంది. వేర్ క్లాజ్‌లో చెప్పిన షరతును ఒక్కో వరుసకూ విడివిడిగా పెట్టి చూసినట్టే ఫలితం ఉంటుంది. షరతు నిజమైన వరుస నిలుస్తుంది, కానిది పోతుంది.

పోలికల సంగతి మొదట. ఎంప్‌లో జీతం 3000 కంటే ఎక్కువ అని అడిగితే ఒక్క కింగ్ వస్తాడు, ఆయన జీతం 5000. 3000 లేదా అంతకంటే ఎక్కువ అని అడిగితే ముగ్గురు వస్తారు, ఎందుకంటే స్కాట్, ఫోర్డ్ ఇద్దరికీ సరిగ్గా 3000. ‘మూడు వేల పైన’ అని ఎవరైనా నోటిమాటగా చెబితే, 3000 కూడా అందులో చేరుతుందా అని అడిగి తెలుసుకోవాలి. అది అడగకుండా క్వెరీ రాయడం మొదలుపెట్టకూడదు. పింఛను వయసైనా, ఫీజు రాయితీకి ఆదాయ పరిమితి అయినా, సరిహద్దు మీద నిలబడ్డ మనిషి లోపలో బయటో ఆ ఒక్క సమానం గుర్తే తేలుస్తుంది.

అక్షరాల పోలిక వేరు. ఎంప్‌లో హోదాలు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఒరాకిల్‌లో చిన్న అక్షరాలతో క్లర్క్ అని అడిగితే ఒక్కరూ రారు. అదే ప్రశ్నను మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేసులో మామూలు అమరికతో అడిగితే నలుగురు క్లర్కులూ వస్తారు, ఎందుకంటే అది చిన్న, పెద్ద అక్షరాల తేడా పట్టించుకోదు. సంఖ్యలను అక్షరాలుగా దాచిన కాలమ్‌లో మరో చిక్కు ఉంది. అక్కడ 1000 కంటే 800 పెద్దది, ఎందుకంటే పోలిక మొదటి అంకె దగ్గరే తేలిపోతుంది.

బిట్వీన్ రెండు హద్దులనూ కలుపుకుంటుంది. జీతం 1250కి 1500కి మధ్య అంటే వార్డ్, మార్టిన్, మిల్లర్, టర్నర్ నలుగురూ వస్తారు. హద్దుల మీదున్న ముగ్గురినీ అది వదలదు. హద్దులను తిరగేసి ముందు 1500, తర్వాత 1250 రాస్తే ఫలితం శూన్యం. తేదీల దగ్గర బిట్వీన్‌ను నమ్ముకోవడం ప్రమాదమే. ఒరాకిల్‌లో తేదీ కాలమ్ గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా దాస్తుంది. జనవరి 1కి 31కి మధ్య అని రాస్తే రెండో హద్దు 31వ తేదీ మొదలైన క్షణమే అవుతుంది. ఆ రోజు పగలంతా జరిగిన లావాదేవీలు జారిపోతాయి. నెలాఖరు లెక్కలో ఒక రోజు మాయమవుతుంది. మొదటి తేదీకి సమానం లేదా ఎక్కువ, ఫిబ్రవరి 1 కంటే తక్కువ అని రెండు పోలికలుగా రాస్తే ఆ బెడద లేదు.

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసులకు దీనికి తోడు కాలమండలాల చిక్కు కూడా ఉంది. విదేశీ ఖాతాదారుల పని చేసే వ్యవస్థలు సమయాన్ని తరచుగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో దాస్తాయి. భారత కాలమానం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. నైట్ షిఫ్టులో ఆగస్టు 15 తెల్లవారుజామున 2 గంటలకు నమోదైన ఫిర్యాదు, డేటాబేసులో ఆగస్టు 14 రాత్రి 8.30గా ఉంటుంది. 15వ తేదీ ఫిర్యాదులు అని తేదీతో వడపోస్తే అది రాదు. హైదరాబాదు రోజు కావాలంటే వడపోత హద్దులు ముందురోజు సాయంత్రం 6.30 నుంచి ఆ రోజు సాయంత్రం 6.30 వరకు ఉండాలి. రాత్రి పనిచేసినవారి లెక్కలు తారుమారవడానికి ఇది చాలు.

ఇన్ ఆపరేటర్ ఒక జాబితాతో పోలుస్తుంది. విభాగం 10, 20లో ఉన్నవారు అంటే 8 మంది. పలు ‘ఆర్’లను కలిపి రాసే పొట్టి రూపమిది. దీనికి ‘నాట్’ తగిలించినప్పుడు వచ్చే కష్టం పెద్దది. దాన్ని కింద నల్ దగ్గర చూద్దాం.

లైక్ అక్షరాల నమూనాతో వెతుకుతుంది. శాతం గుర్తు ఎన్ని అక్షరాలకైనా నిలుస్తుంది, సున్నాతో సహా. అండర్‌స్కోర్ సరిగ్గా ఒక్క అక్షరానికి. ఇంగ్లీషు ఎస్‌తో మొదలయ్యే పేర్లు అంటే స్మిత్, స్కాట్. ఎస్‌తో ముగిసేవి జోన్స్, ఆడమ్స్, జేమ్స్. రెండో అక్షరం ఏ ఉన్నవి వార్డ్, మార్టిన్, జేమ్స్.

తెలుగు సమాచారం మీద లైక్ వాడితే ఈ ‘ఒక్క అక్షరం’ లెక్క మారిపోతుంది. యూనికోడ్‌లో గుణింతం, పొల్లు ఒక్కో సంకేతంగా విడివిడిగా ఉంటాయి, వత్తు అయితే పొల్లు, హల్లు అనే రెండు సంకేతాలు. ‘మాదాపూర్’ చదివేవారికి నాలుగు అక్షరాలు. డేటాబేసులో మ, దీర్ఘం, ద, దీర్ఘం, ప, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, మొత్తం 8 సంకేతాలు. ‘శ్రీ’ ఒక్క అక్షరంగా కనిపించినా శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 4 సంకేతాలు. నాలుగు అండర్‌స్కోర్లతో మాదాపూర్ దొరకదు, ఎనిమిది పెట్టాలి. అంతకంటే కష్టమైనది, పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి టైపు చేసే కంటికి కనబడని విభజకం. ఊరి పేరు చివర అది ఉన్న వరుస, లేని వరుస తెరమీద ఒకేలా కనబడతాయి. సమానం గుర్తు మాత్రం వాటిని వేర్వేరు ఊళ్లుగా చూస్తుంది. తెలుగులో పేర్లు దాచే ప్రతి ప్రభుత్వ విభాగం, సమాచారం లోపలికి వచ్చేటప్పుడే ఆ విభజకాన్ని ఒకే పద్ధతికి తేవాలి. వడపోత దగ్గర సరిదిద్దుకుందామంటే ఆలస్యమైపోతుంది.

భూమి రికార్డుల్లో లైక్ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేర్లు మారినా సర్వే నంబర్ల తీరు పాతదే. ఒక నంబరు పంచుకున్నప్పుడు 12/అ, 12/ఆ, 12/ఇ అంటూ భాగాలు ఏర్పడతాయి. శేరిలింగంపల్లి మండలంలోనో మరోచోటనో సర్వే నంబరు 12కు సంబంధించిన వరుసలన్నీ కావాలని, 12 తర్వాత శాతం గుర్తు పెట్టి లైక్ రాశారనుకుంటే, దాంతో 120, 125, 1200 కూడా వచ్చిపడతాయి. గీత కలిపి ‘12/’ తర్వాత శాతం పెడితే భాగాలు మాత్రమే వస్తాయి, విడిపోని 12 రాదు. సరైన షరతు రెండు ముక్కలు: 12కు సమానం, లేదా ‘12/’తో మొదలయ్యేది. ఒక రైతు పొలం జాబితాలోకి రావడం, రాకపోవడం ఇలాంటి ఒక గీత మీద ఆధారపడి ఉంటుంది గనుక, నంబరును, భాగాన్ని వేర్వేరు కాలమ్‌లలో దాచడమే మేలు.

షరతులను కలిపే అండ్, ఆర్‌లలో అండ్‌కు ముందు చోటు. లెక్కల్లో కూడిక కంటే గుణకారం ముందు జరిగినట్టే ఇక్కడా. క్లర్కులు లేదా సేల్స్‌మెన్, జీతం 1500 పైన అని బ్రాకెట్లు లేకుండా రాస్తే డేటాబేసు దాన్ని ‘క్లర్కులందరూ, లేదా 1500 పైన ఉన్న సేల్స్‌మెన్’ అని అర్థం చేసుకుంటుంది. ఐదుగురు వస్తారు. క్లర్కు లేదా సేల్స్‌మన్ అన్న ముక్కను బ్రాకెట్లో పెడితే ఒక్క అలెన్ మిగులుతాడు, జీతం 1600. టర్నర్‌కు సరిగ్గా 1500 గనుక అతను కూడా రాడు. ప్రమాణ గ్రంథాలు ఏ ఆపరేటరు ముందో చెబుతాయి, కానీ చదివే తోటివారి కోసమైనా బ్రాకెట్లు పెట్టడం మంచి అలవాటు.

నాట్‌తో తిరగేయడానికి ఒక సూత్రముంది. దానికి ఆగస్టస్ డి మోర్గాన్ పేరు పెట్టారు. ఈ ఆంగ్ల గణితవేత్త 1806లో పుట్టింది మన దక్షిణాదిలోనే, మధురైలో. ‘అది గానీ ఇది గానీ కానివి’ అంటే ‘అదీ కాదు, ఇదీ కాదు’ అని. అంటే తిరగేసినప్పుడు ఆర్ స్థానంలో అండ్ రావాలి. విభాగం 10 వాళ్లు, క్లర్కులు, ఈ రెండు రకాలూ వద్దనుకుంటే ఎంప్‌లో 8 మంది మిగలాలి. విభాగం 10 కాదు ‘ఆర్’ క్లర్కు కాదు అని రాస్తే 13 మంది వస్తారు. ఆ రెండూ ఒకేసారి అయిన మిల్లర్ ఒక్కడే పోతాడు. మాటల్లో మనం ‘వాళ్లూ వీళ్లూ వద్దు’ అంటాం గనుక ఈ తప్పు అనుభవమున్నవారి చేతిలోనూ దొర్లుతుంది.

ఇక నల్. కమిషన్ కాలమ్‌లో అలెన్‌కు 300, వార్డ్‌కు 500, మార్టిన్‌కు 1400, టర్నర్‌కు 0. మిగతా 10 మందికి ఏమీ లేదు, నల్. టర్నర్‌కు ఉన్న సున్నాకు, ఆ 10 మంది ఖాళీకి తేడా ఉంది. టర్నర్ సేల్స్‌మన్, కమిషన్‌కు అర్హుడు, వచ్చింది సున్నా. క్లర్కుకు ఆ ప్రశ్నే లేదు. నల్ అంటే విలువ లేదు, లేదా తెలియదు. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు. వేర్ క్లాజ్ నిజమైన వరుసనే నిలుపుతుంది. అందువల్ల కమిషన్ నల్‌కు సమానమా అని అడిగితే ఒక్క వరుసా రాదు. ఈజ్ నల్ అని అడిగితేనే 10 వస్తాయి. కమిషన్ సున్నా కంటే ఎక్కువ అంటే ముగ్గురు. దానికి నాట్ పెడితే మిగతా 11 మంది రావాలని అనిపిస్తుంది, వచ్చేది టర్నర్ ఒక్కడే. తెలియదు అన్న జవాబును తిరగేసినా తెలియదే. ఒక్క అక్షరమూ లేని విలువను కూడా ఒరాకిల్ నల్‌గానే చూస్తుంది. కొన్ని ఇతర డేటాబేసులు ఆ రెంటినీ వేరుగా ఉంచుతాయి.

అందుకే ఏ కాలమ్ మీద వడపోసినా మూడు లెక్కలు తీయడం అవసరం: షరతు నిజమైనవి, నాట్ పెడితే వచ్చేవి, ఆ కాలమ్ నల్ అయినవి. కమిషన్ విషయంలో 3, 1, 10. కలిపితే 14. మొత్తం సరిపోకపోతే ఎక్కడో వరుసలు జారిపోయినట్టే.

నాట్ ఇన్ దగ్గర నల్ దెబ్బ మరీ గట్టిది. ఎవరికీ పై అధికారి కానివారు ఎవరు అన్న ప్రశ్నకు, ఉద్యోగి నంబరు పై అధికారుల నంబర్ల జాబితాలో లేనివారు అని రాయడం సహజం. పై అధికారులు జోన్స్, బ్లేక్, క్లార్క్, స్కాట్, కింగ్, ఫోర్డ్ ఆరుగురు. మిగిలిన 8 మంది రావాలి. ఒక్కరూ రారు. కింగ్ సంస్థ అధ్యక్షుడు, ఆయనకు పై అధికారి లేడు, ఆ గడిలో నల్ ఉంది. జాబితాలో ఆ ఒక్క నల్ చేరగానే ‘ఈ నంబరు జాబితాలో లేదు’ అని దేని గురించీ తేల్చి చెప్పడం డేటాబేసుకు సాధ్యం కాదు, ఎందుకంటే ఆ తెలియని విలువ ఇదే కావచ్చు. ఆ జాబితాను తెచ్చే లోపలి క్వెరీలో నల్‌లను ముందే తీసేయాలి, లేదా సరిపోలే వరుస లేదని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్ రాయాలి. అప్పుడు 8 మందీ వస్తారు.

నల్ విషయంలో అన్ని డేటాబేసులూ ఈ నియమాన్ని పాటించవు. మాంగోడీబీలో కమిషన్ సున్నాకు సమానం కానివి అని అడిగితే, ఆ గడే లేని రికార్డులను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. ఎంప్ సమాచారాన్నే అందులో పెడితే ఎస్‌క్యూఎల్ ముగ్గురిని ఇచ్చిన చోట అది 13 మందిని ఇస్తుంది. ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి మార్చే పనిలో ఉన్నవారు ముందుగా సరిచూడాల్సింది ఇదే. హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉన్న సర్వీస్‌నౌ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వేదికలో షరతుల మధ్య అండ్ బదులు టోపీ లాంటి గుర్తు రాస్తారు. అక్కడ స్క్రిప్టులో కాలమ్ పేరు తప్పు రాస్తే, సెట్టింగు మార్చనంతవరకు ఆ షరతును పక్కనపెట్టేసి మిగతా షరతులతోనే వరుసలు తెస్తుంది. షరతు అదొక్కటే అయితే టేబులంతా వస్తుంది. ఆ వరుసలను తొలగించే ఆదేశం వెంటనే ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

వడపోత ఎంత వేగంగా జరుగుతుందన్నది ఇండెక్సు మీద ఆధారపడి ఉంటుంది. బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ కనిపెట్టిన బీ-ట్రీ అనే అమరికే ఎక్కువ చోట్ల ఇండెక్సుగా ఉంది. అది విలువలను వరుసక్రమంలో ఉంచుతుంది కాబట్టి మొదలు తెలిస్తే నిఘంటువులో పదంలా వెంటనే దొరుకుతుంది. లైక్ నమూనా శాతం గుర్తుతో మొదలైతే ఆ క్రమం పనికిరాదు, టేబులంతా చదవాలి. కాలమ్‌కు ఏదైనా ఫంక్షన్ తొడిగినా, ఉదాహరణకు పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చి పోల్చినా, అంతే. 14 వరుసల్లో తేడా తెలియదు, కోట్ల వరుసల్లో నిమిషాలు పడుతుంది.

వెబ్ పేజీలో వాడేవాడు టైపు చేసినదాన్ని తెచ్చి నేరుగా షరతులో అతికిస్తే దాడికి తలుపు తెరిచినట్టే. పేరు బదులు ఎవరైనా కొటేషన్ గుర్తు, ఆర్, ఒకటి ఒకటికి సమానం అని టైపు చేస్తే షరతు ప్రతి వరుసకూ నిజమవుతుంది, వడపోత లేనట్టే అవుతుంది. విలువను క్వెరీ వాక్యంలో కలపకుండా బైండ్ వేరియబుల్‌గా విడిగా పంపితే, అది ఎలాంటి మాట అయినా విలువగానే మిగులుతుంది, ఆపరేటరుగా మారదు.

అదే వేర్ క్లాజ్ వరుసలను మార్చే అప్‌డేట్, తొలగించే డిలీట్ ఆదేశాల్లోనూ ఉంటుంది. అక్కడ తప్పు షరతు సమాచారాన్నే మార్చేస్తుంది. ముందు అదే షరతుతో, వరుసలను చూపించే సెలెక్ట్ ఆదేశం రాసి ఎన్ని వరుసలో లెక్కించి, ఆ తర్వాత డిలీట్ నడిపి, తొలగిపోయిన వరుసల సంఖ్య దానితో సరిపోయిందో లేదో చూడాలి. సరిపోతే కమిట్ చేసి మార్పును ఖాయం చేయాలి, లేకపోతే రోల్‌బ్యాక్ చేసి రద్దు చేయాలి. ఒరాకిల్‌లో కమిట్ అయ్యేవరకు ఆ మార్పు మిగతా సెషన్లకు కనబడదు. కొన్ని డేటాబేసుల్లో ప్రతి ఆదేశం దానంతట అదే కమిట్ అయిపోతుంది కనుక అక్కడ ముందుగా లావాదేవీని విడిగా మొదలుపెట్టాలి.